‘దానివల్ల ఏమొస్తుంది?’

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ సరదాకి ఎప్పుడూ ఎవరో ఒకరు పూచీ ఉండాలి. యోగాకి ఆరోగ్యం పూచీ. వంటల క్లాసుకి ఇంటిల్లిపాదీ పూచీ. సంగీతం క్లాసుకి పిల్లలు పూచీ, ‘దానికి తోడుగా నేనూ వెళ్తున్నా’ అంటాం. గుడికైతే సాక్షాత్తూ ఆ దేవుడే పూచీ. ఏ పూచీ లేకుండా ‘నాకిష్టం, వెళ్ళొస్తా’ అని చూడండి. ఇల్లంతా కలిసి అడిగేది ఒకటే ప్రశ్న. ‘దానివల్ల ఏమొస్తుంది?’

నన్ను ఈ ప్రశ్న అడిగింది మా అమ్మ. 2023 మే నెలలో, విజయవాడ నుంచి ఫోన్లో. డాలస్‌లో ఒక రాక్ బ్యాండ్ కచేరీకి నేనొక్కదాన్నే వెళ్తున్నానని చెప్పినప్పుడు. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళు. అమ్మ కోప్పడలేదు, వద్దనలేదు. పచ్చడి కొలతలు అడిగినంత మామూలుగా అడిగింది, ‘దానివల్ల ఏమొస్తుందే?’ అని. ‘ఏమీ రాదమ్మా’ అన్నాను. ఆ జవాబు మీదే ఇవాళ నాలుగు మాటలు రాయాలనిపించింది. ఎందుకంటే రెండేళ్ళు ఆలోచించినా ఆ జవాబే సరైనదని నాకనిపిస్తోంది.

ముందు ఆ బ్యాండ్ సంగతి చెప్తాను. పేరు ‘ద క్యూర్’. ఇంగ్లండులో క్రాలీ అనే ఊరి కుర్రాళ్ళు బళ్ళో చదువుకునే రోజుల్లో మొదలుపెట్టారు. 1978లో ఈ పేరు పెట్టుకున్నారు, 1979లో మొదటి ఆల్బమ్ వచ్చింది. పాడేది, రాసేది రాబర్ట్ స్మిత్. మిగతావాళ్ళు వచ్చారు, పోయారు, మళ్ళీ వచ్చారు. మొదటినుంచీ కదలకుండా ఉన్నది ఆయనొక్కడే. వీళ్ళ సంగీతాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారు. అంటే అందరి నోటికీ రుచించేలా వండినది కాదు, తమకి తోచినట్టు తాము చేసుకునేది అన్నమాట. మొదట్లో ఇలాంటి సంగీతాన్ని బతికించినవి చిన్న చిన్న రికార్డు కంపెనీలూ, కాలేజీ రేడియోలూ.

నాకు వీళ్ళని పరిచయం చేసింది 1997లో హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్. షిల్లాంగ్ అమ్మాయి. మనకి సినిమా పాటలెలాగో షిల్లాంగ్ వాళ్ళకి రాక్ సంగీతం అలాగ. ఆ అమ్మాయి దగ్గర ‘డిసింటిగ్రేషన్’ క్యాసెట్ ఉండేది. 1989లో వచ్చిన ఆల్బమ్ అది. వాక్‌మన్‌కి ఒక్కటే ఇయర్‌ఫోన్ల జత కాబట్టి నాకొక చెవి, తనకొక చెవి. నాకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. అయినా వర్షం పడే సాయంత్రం కిటికీ దగ్గర కూర్చున్నట్టుండేది ఆ పాటలు వింటుంటే. అందులో ‘లవ్‌సాంగ్’ అనే పాట ఉంది. రాబర్ట్ స్మిత్ 1988లో తన చిన్ననాటి స్నేహితురాలు మేరీని పెళ్ళి చేసుకున్నప్పుడు ఆవిడకి కానుకగా రాసిన పాట. అమెరికాలో అది రెండో స్థానం దాకా వెళ్ళింది. కోట్లమంది విన్నారు కానీ రాసింది మాత్రం ఒక్కరి కోసం. వాళ్ళిద్దరూ ఇప్పటికీ కలిసే ఉన్నారు.

తర్వాత నా కథ మీకు తెలిసిందే, మనందరిదీ ఒకటే. పెళ్ళి, వీసా, రెండు సూట్‌కేసులు, ఇద్దరు పిల్లలు. క్యాసెట్ ఏమైందో తెలియదు. కానీ పాటలు పోలేదు. పోపు వేసేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు, పిల్లల్ని స్విమ్మింగ్ దగ్గర దింపి కార్లో ఎదురుచూసేటప్పుడు వినేదాన్ని. అంటే ఇరవై ఐదేళ్ళూ వాటిని ఏదో ఒక పనికి నంజుకుంటూనే విన్నాను. పని మానేసి విన్నది లేదు.

2023లో ఆ బ్యాండ్ అమెరికా అంతా తిరుగుతోందని తెలిసింది. మార్చిలో టికెట్లు అమ్మకానికి పెట్టారు. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. డబ్బు సంపాదించని ఆడవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది.

ఈ రోజుల్లో పెద్ద కచేరీ టికెట్ అంటే విమానం టికెట్ లాంటిది. గిరాకీ పెరిగే కొద్దీ కళ్ళముందే రేటు పెరిగిపోతుంది. క్యూర్ వాళ్ళు ఆ పద్ధతి మాకొద్దన్నారు. కొన్ని సీట్లు ఇరవై డాలర్లకే పెట్టారు. కొన్నవాళ్ళు లాభానికి అమ్ముకోకుండా, చట్టం ఒప్పుకున్న రాష్ట్రాల్లో టికెట్లు ఇంకొకరికి బదిలీ చేయడం కూడా ఆపించారు. తీరా కొనబోతే, అమ్మే కంపెనీ వేసిన ఫీజులు కొన్నిచోట్ల టికెట్ ధరనే మించిపోయాయి. వంద రూపాయల చీరకి నూట పది రూపాయల కవరు అన్నట్టు. జనం గోలపెట్టారు. రాబర్ట్ స్మిత్ ‘నాకేం సంబంధం’ అనలేదు. ట్విటర్‌లో అన్నీ పెద్దక్షరాల్లో రాస్తూ, తనకి కడుపులో తిప్పుతోందని చెప్పి కంపెనీని నిలదీశాడు. చివరికి వాళ్ళు దిగొచ్చి, అతి తక్కువ ధర టికెట్లకి పదేసి డాలర్లు, మిగతావాటికి అయిదేసి డాలర్లు వెనక్కిచ్చారు. కళాకారులందరూ వద్దంటే ఈ రేట్లు పెంచే పద్ధతే ఉండదని ఆయన తర్వాత కూడా అన్నాడు.

పది డాలర్లు పెద్ద మొత్తమేం కాదు. కానీ ఒక సరదా ఖరీదెక్కితే ముందుగా ఎవరు మానుకుంటారో ఆలోచించండి. జీతం ఉన్నవాళ్ళు కాదు. ‘అంత పెట్టి ఎందుకులే’ అని ముందు అనుకునేది ఇల్లు చూసుకునే మనిషే. ఎవరూ అనకముందే తనే అనేసుకుంటుంది. టికెట్ రెండు వందల డాలర్లు అయితే నేను మా వారికి చెప్పే ముందే మానేసేదాన్ని. పచ్చిక మీద కూర్చునే టికెట్, ఫీజులతో కలిపి కూడా, మా నలుగురం హోటల్లో ఒకపూట తినే బిల్లు కన్నా తక్కువే అయింది. కొనేశాను. ధర తక్కువ పెట్టడం కూడా ఒకరకంగా పిలుపే. ‘మీరు కూడా రండి’ అని.

అలా డబ్బు సమస్య తీరింది. ప్రశ్నలు మాత్రం తీరలేదు. దీన్నిబట్టి నాకు తెలిసిందేమిటంటే, అసలు సమస్య డబ్బు కాదు.

మా వారు మంచివారు. ‘ఎవరితో వెళ్తున్నావు?’ అన్నారు. ఒక్కదాన్నే అంటే, ‘మరి అందరం వెళ్దామా?’ అన్నారు. ఆయనకి ఆ బ్యాండ్ పేరు కూడా తెలియదు. తోడు రావడమే ప్రేమ అని ఆయన ఉద్దేశం. ఆయన శనివారాల్లో క్రికెట్‌కి వెళ్తారు. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం మొహమంతా ఎర్రబడి వస్తారు. ఇన్నేళ్ళలో ఆయన్ని ‘దానివల్ల ఏమొస్తుంది’ అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు, ఆయనకి ఇష్టం, అంతే. అదే ‘అంతే’ నాక్కూడా కావాలి. ఇదేమీ మగవాళ్ళ మీద ఫిర్యాదు కాదు. వాళ్ళకి తేలిగ్గా దొరికేది మనకీ దొరకాలన్న మాట.

తర్వాత మా అమ్మాయి. పద్నాలుగేళ్ళు. ‘నేనూ వస్తానమ్మా’ అంది. దానికి ఆ పాటలు కొన్ని తెలుసు, కార్లో నా పక్కన కూర్చుని విన్నవే. తీసుకెళ్తే ఎంత బాగుంటుంది! తల్లీ కూతురూ కలిసి కచేరీ, ఫొటోలు, జ్ఞాపకాలు. నేను ‘ఈసారి కాదు’ అన్నాను. రెండు రోజులు అలిగింది.

ఇది చదివి కొందరు నన్ను గట్టిగా కోప్పడతారని తెలుసు. నా స్నేహితురాలొకావిడ కోప్పడింది కూడా. ‘పిల్ల అంత ముచ్చటపడితే తీసుకెళ్ళకపోవడమేంటి?’ అని. కానీ తీసుకెళ్తే ఏమయ్యేదో నాకు తెలుసు. అది దాని కచేరీ అయిపోయేది. దానికి దాహం వేసిందా, దానికి కనబడుతోందా, నిద్రొస్తోందా, బాత్రూమ్ ఎక్కడ. నా కళ్ళు స్టేజి మీద, మనసు పక్కన. పూచీ మళ్ళీ తయారు. ‘పిల్ల కోసం వెళ్ళాం’ అని చెప్పుకోవచ్చు, అందరికీ నచ్చుతుంది. నాకు ఆ నచ్చడం అక్కర్లేదనిపించింది. దానికోసం వేరే రోజులు ఉన్నాయి, ఉంటాయి. తల్లి వెళ్ళే ప్రతి చోటికీ పిల్ల వెళ్ళనక్కర్లేదు.

మే 13, శనివారం. డాలస్‌లో ఫెయిర్ పార్క్ దగ్గర, డాస్ ఎక్విస్ పెవిలియన్ అనే ఆరుబయలు ప్రాంగణం. ముందు కుర్చీలు, వెనక పచ్చిక గట్టు. ఒక దుప్పటి, మంచినీళ్ళ సీసా తీసుకుని వెళ్ళాను. నా చుట్టూ ఉన్నవాళ్ళని చూసి ఆశ్చర్యమేసింది. ఇరవయ్యేళ్ళ పిల్లలున్నారు, కానీ ఎక్కువమంది నా ఈడువాళ్ళు, నాకన్నా పెద్దవాళ్ళు. నెరిసిన జుట్టు, నల్ల బట్టలు, నల్ల లిప్‌స్టిక్. ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, మోకాలికి పట్టీ వేసుకుని తూగుతూ నిలబడింది. ‘ఈ వయసులో ఇదేం సరదా’ అన్న చూపు ఎక్కడా లేదు.

ఇక ఆయన వచ్చాడు. ఆ ముందు నెలలోనే అరవై నాలుగు నిండాయి. జుట్టు పిచ్చుకగూడులా రేపుకుని, కళ్ళకి కాటుక, పెదవులు దాటి పూసుకున్న ఎర్ర లిప్‌స్టిక్. పాత ఫొటోల్లో ఎలా ఉండేవాడో అలాగే, ఒళ్ళు మాత్రం వయసుకి తగ్గట్టు మారింది. వచ్చీరాగానే పాడలేదు. స్టేజి ఈ చివర నుంచి ఆ చివరదాకా మెల్లగా నడుస్తూ జనం మొహాలు చూశాడు. వెనక సంగీతం నడుస్తూనే ఉంది. మొదటి పాటలో ఆయన గొంతు విప్పడానికే మూడు నిమిషాల పైన పట్టింది.

ఆ మూడు నిమిషాల గురించి చెప్పాలి. మన రోజు ఎలా ఉంటుంది? కుక్కర్ మూడు కూతలు, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు, బస్సుకి ఇంకా అయిదు నిమిషాలు. అన్నీ ముక్కలే. ఆ ముక్కల మధ్య కూడా ఏదో ఒకటి సర్దుతూనే ఉంటాం. అక్కడ మూడు నిమిషాలు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, నేను సర్దాల్సింది ఏమీ లేదు, పాట ఎప్పుడు మొదలవుతుందా అన్న తొందర కూడా ఎవరికీ లేదు. మొదటి నిమిషం నా చెయ్యి అలవాటుగా ఫోన్ వెతుక్కుంది. రెండో నిమిషంలో ఆగింది. మూడో నిమిషంలో నేను వింటున్నాను. ఇరవై ఐదేళ్ళ తర్వాత, ఏ పనికీ నంజుకోకుండా.

రెండున్నర గంటల పైనే పాడారు. మధ్యలో చాలాసేపు నెమ్మదైన, బరువైన పాటలే. అప్పటికింకా రికార్డుగా రానివి కూడా పాడారు. ఆఖర్లో అందరికీ తెలిసినవి వరసగా. 1979 నాటి ‘బాయ్స్ డోంట్ క్రై’తో ముగించారు. కుర్రతనంలో రాసిన పాటని అరవై నాలుగేళ్ళ మనిషి పాడుతుంటే నవ్వులాటగా లేదు. ఆ పాట ఆయనతోపాటే పెద్దదైంది. నాతోపాటు కూడా.

ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు మే 14, ఇక్కడ మదర్స్ డే. పిల్లలు కార్డులు రాశారు, మా వారు ఉప్మా చేశారు. బాగుంది. కానీ రెండు రోజులూ పక్కపక్కన ఉండటంతో తేడా స్పష్టంగా తెలిసింది. మదర్స్ డే నేను చేసే పనికి ఇచ్చే మర్యాద. నేను అమ్మని కాకపోతే ఆ రోజు నాకు లేదు. అంతకుముందు రాత్రి మాత్రం నేను ఎవరి తల్లినో, ఎవరి భార్యనో ఆ గట్టు మీద ఎవరికీ తెలియదు, అవసరమూ లేదు. రెండూ కావాలి. ఒకటి ఇచ్చి రెండోది కూడా ఇచ్చేశామనుకోకూడదు.

ఇప్పుడు నాకు బాగా పడని మాట ఒకటుంది. తిరిగొచ్చాక స్నేహితురాళ్ళు అడిగారు, ‘బాగా రీచార్జ్ అయ్యావా?’ అని. వాట్సాప్‌లో కూడా తిరుగుతుంటుంది కదా, ఖాళీ కప్పులోంచి ఏమీ పొయ్యలేవు, ముందు నిన్ను నువ్వు నింపుకో అని. వినడానికి మన పక్షానే ఉన్నట్టుంటుంది. కానీ సరిగ్గా చూడండి. నింపుకోమంటున్నది ఎందుకు? మళ్ళీ పొయ్యడానికే! ఫోన్‌ని చార్జింగ్‌కి పెట్టేది ఫోన్ సుఖం కోసం కాదు. ‘అమ్మ సంతోషంగా ఉంటే ఇల్లు సంతోషంగా ఉంటుంది’ అన్నదీ ఇంతే. అమ్మ సంతోషానికి ఇల్లు పూచీ. ఇది ఆ పాత ప్రశ్నే, కాస్త మెత్తగా అడిగారు.

నేను రీచార్జ్ అవలేదు. నిజం చెప్పాలంటే మర్నాడు కాళ్ళు పీకాయి, నిద్ర చాలక విసుక్కున్నాను. మంచి తల్లిగానూ మారలేదు, ఇదివరకు ఎలా ఉన్నానో అలాగే ఉన్నాను. మా అమ్మాయి దీన్ని చూసి ఏదో గొప్ప పాఠం నేర్చుకుందని రాస్తే ఈ వ్యాసానికి అందంగా ఉంటుంది. అలా రాయను. నేర్చుకుందో లేదో దానికే తెలియాలి. నేను వెళ్ళింది దానికి పాఠం చెప్పడానికి కాదు. ఎవరికీ ఏమీ రాకపోయినా నేను వెళ్ళొచ్చు అన్నదే నా మాట.

‘మీకు డాలస్‌లో కారుంది, మంచి మొగుడున్నాడు, చెప్తారు’ అనొచ్చు. నిజమే. చంటిపిల్ల ఉన్నావిడకి, మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటున్నావిడకి ఒక సాయంత్రం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, నాకూ ఆ రోజులున్నాయి. అందరూ టికెట్ కొనుక్కోండి అనడం లేదు. సరదా అంటే కొనుక్కునేదే అనుకుంటే అది ఇంకో ఉచ్చు. మేడమీద ఒక్కదానివే కూర్చుని పాత పాట మొత్తం వినడం కావచ్చు, ఎవరికీ చూపించని బొమ్మ గియ్యడం కావచ్చు. ఎంత పెద్దది అన్నది కాదు ముఖ్యం. దాన్ని ఎవరికోసమో చేస్తున్నట్టు వేషం వెయ్యకపోవడం ముఖ్యం. సమయం చిన్నదైనా ఫర్వాలేదు, సాకు మాత్రం వద్దు.

సాకు ఎంత పాతదో అమ్మని చూస్తే తెలుస్తుంది. మా చిన్నప్పుడు వీధి చివర రామాలయంలో నవమి పందిరి వేసేవారు. రాత్రుళ్ళు హరికథలు, పాటకచేరీలు. అమ్మ ఆ తొమ్మిది రోజులూ సాయంత్రమే వంట ముగించి ‘గుడికెళ్ళొస్తా’ అని బయల్దేరేది. దణ్ణం పెట్టడానికి రెండు నిమిషాలు. పందిట్లో మూడు గంటలు. ఇంటికొచ్చాక అట్లు పోస్తూ ఆ రాగాలే తీసేది. అమ్మకి మంచి చెవి ఉందని మాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు. పాట కోసం వెళ్తున్నానని ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే బామ్మ ఏమడిగేదో మీకు తెలుసు. మన నోములు, పేరంటాలు, వాయినాలు చూడండి. భక్తి లేదనను. కానీ వాటి చాటున ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని తరాలు కాసేపు ఊపిరి పీల్చుకున్నారో! దేవుడు మనకి చాలా పూచీలు పడ్డాడు పాపం.

కచేరీ అయిన వారానికి అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఆవకాయ పార్సిల్, పెద్దమామయ్య మోకాలు, అన్నీ అయ్యాక కాసేపు ఆగి అడిగింది. ‘ఇంతకీ బాగా పాడాడా?’ అని. నాకు గొంతు పట్టేసింది. ఏమొస్తుంది అన్న ప్రశ్న అమ్మది కాదు, అమ్మకి అప్పజెప్పినది. ఇది అమ్మ సొంత ప్రశ్న. పదిహేను నిమిషాలు చెప్పాను. ఆయన కాటుక గురించి చెబితే పడీపడీ నవ్వింది.

2024 నవంబర్ 1న ఆ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వచ్చింది, పదహారేళ్ళ తర్వాత. ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’. ఆయన పోగొట్టుకున్న అన్నయ్య మీద రాసిన పాట ఉంది అందులో. ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. పదహారేళ్ళు ఎందుకు పట్టిందని కొందరు విసుక్కున్నారు. నాకైతే మనలాంటివాళ్ళకి అది ధైర్యంగా అనిపించింది. ఇష్టమైన పనికి మధ్యలో ఎన్నేళ్ళు ఖాళీ వచ్చినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు, అదే లిప్‌స్టిక్‌తో.

కాబట్టి నాదొక చిన్న సలహా. ఈ నెల మీ ఇంటి క్యాలెండర్‌లో పిల్లల పరీక్షలు, కరెంటు బిల్లు, పెళ్ళిళ్ళ మధ్య ఒక గడిలో మీ పేరు రాయండి. పేరు మాత్రమే. పక్కన కారణం రాయొద్దు. ఎవరైనా వచ్చి ‘దానివల్ల ఏమొస్తుంది?’ అంటే దబాయించకండి, సంజాయిషీ చెప్పకండి, ఆరోగ్యం అనో పిల్లలు అనో తప్పించుకోకండి. నవ్వుతూ ‘ఏమీ రాదు’ అనండి. అన్నాక వెళ్ళి రండి. ఎక్కడికి వెళ్ళారో ఇక్కడ రాస్తే చదువుతాను, ఎందుకు వెళ్ళారని మాత్రం అడగను.